పిల్లల మీద అరవకుండా రోజు గడపడం ఎలా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు తల్లిదండ్రులు అడిగేది తిప్పితిప్పి ఒకటే. "ఇవాళ అరవకూడదని పొద్దున్నే అనుకుంటాం. సాయంత్రానికి అరిచేస్తాం. ఒక్కోసారి చెయ్యి కూడా లేస్తోంది. ఏం చెయ్యాలి?" పిల్లల్ని ఎలా మార్చాలి అని మొదలుపెట్టినవాళ్ళు కూడా నాలుగు మాటలయ్యాక ఇక్కడికే వస్తారు.

జవాబు సూటిగానే చెప్పవచ్చు. కోపం నెత్తికెక్కాక ఏ ఉపాయమూ గుర్తుకు రాదు. అందుకే పనంతా ఇల్లు నిమ్మళంగా ఉన్నప్పుడే చేసిపెట్టుకోవాలి. గొడవ ఏ వేళకి వస్తోందో కనిపెట్టాలి, ఆ వేళకి ఏం అనాలో రెండు వాక్యాలు సిద్ధం చేసుకోవాలి, ఇంట్లో పెద్దవాళ్ళంతా ఒక మాట మీదకి రావాలి. కింద రాసినవి రెండేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లల కోసం. చంటిపిల్లలున్నవాళ్ళు 2వ మెట్టులోని హెచ్చరిక మాత్రం తప్పకుండా చదవండి.

శాంతంగా ఉండటం అంటే అడిగిందల్లా ఇచ్చెయ్యడం అనుకుని చాలామంది వెనకాడతారు. అలా కాదు. వద్దన్నది వద్దే. దాన్ని కేక లేకుండా, దెబ్బ లేకుండా నిలబెట్టడం నేర్చుకోవాలి, అంతే.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- ఒక నోటుబుక్కు, పెన్ను. ఫోనులో రాసుకోవద్దు. ఫోను తియ్యగానే పిల్లలు చుట్టూ చేరతారు.
- ముళ్ళున్న గోడగడియారం. పిల్లలకి తేలిగ్గా కనిపించే చోట తగిలించండి.
- చిరుతిండి డబ్బా. మరమరాలు, అటుకులు, బెల్లం ముక్క, పక్కనే అరటిపండు ఉంటే చాలు. నాలుగేళ్ళ లోపు పిల్లలకి వేరుశనగ గింజలు, వేయించిన శనగలు పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి.
- రాత్రి ఫోన్లన్నీ పెట్టడానికి బీరువా మీదో అటక మీదో ఒక బుట్ట. ఛార్జరు కూడా అక్కడే.
- పిల్లలు పడుకున్నాక ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చోవడానికి ఒక అరగంట.
- మూడు వారాల ఓపిక. రెండో రోజుకే ఫలితం చూడొద్దు.

1. వారం రోజులు రాయండి, ఏమీ మార్చకండి

గొడవ అయిన ప్రతిసారీ నోటుబుక్కులో ఒక్క వరస రాయండి. ఎన్ని గంటలకి, అంతకు ముందు ఏం జరిగింది, పిల్ల ఎప్పుడు తిన్నది, మీరేం చేశారు, ఎంతసేపటికి సద్దుమణిగింది. ఇలా ఉండాలి:

"సోమవారం, సాయంత్రం 5-40. ట్యూషన్ నుంచి వచ్చింది. మధ్యాహ్నం అన్నం తర్వాత ఏమీ తినలేదు. తమ్ముడు పెన్సిలు లాక్కున్నాడు. కొట్టింది. నేను అరిచాను. 20 నిమిషాలు ఏడ్చింది."

"బాగా విసిగించింది", "మొండికేసింది" అని రాస్తే పనికిరాదు. అది మీ తీర్పే కానీ జరిగిన సంగతి కాదు. వారం చివర వరసలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. గొడవలు రోజంతా జరుగుతున్నట్టు అనిపించినా, కాగితం మీద చూస్తే ఎక్కువ భాగం రెండు మూడు వేళల చుట్టూ పోగుపడి ఉంటాయి. పొద్దున్న స్నానం, యూనిఫాం దగ్గర, బడి నుంచి వచ్చిన అరగంటలో, ఫోను తీసుకునేటప్పుడు, పక్క ఎక్కేముందు. వాటిలో ఒక్క వేళని ఎంచుకోండి. మొదటి రెండు వారాలూ దాని మీదే పనిచెయ్యండి. ఒకేసారి అన్నీ మార్చబోయినవాళ్ళు నాలుగో రోజుకి అన్నీ వదిలేస్తారు.

రాయడం రానివాళ్ళు క్యాలెండరులో గొడవ అయిన రోజు గడిలో పొద్దున్నైతే పైన, మధ్యాహ్నమైతే మధ్యలో, సాయంత్రమైతే కింద చుక్క పెట్టుకున్నా చాలు.

2. మీ కోపాన్ని ఆపే పద్ధతి ఒకటి ఎంచుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. తొందరపడకండి.

మొదట మీ కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టండి. కొందరికి పళ్ళు బిగుసుకుంటాయి, కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరి గొంతు సన్నగా పైకి లేస్తుంది. కొందరైతే పిల్లని పూర్తి పేరుతో పిలవడం మొదలుపెడతారు. అది మీ గంట. గంట మోగగానే చెయ్యాల్సింది ఇది:

చేతిలో పని ఆపండి. స్టవ్ మీద ఏదైనా ఉంటే ముందు కట్టెయ్యండి. రెండు చేతులూ పంపు కింద పెట్టండి, లేదా మొహాన నీళ్ళు కొట్టుకోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఆరుసార్లు. నిమిషం పడుతుంది. తీసుకునేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి, గుండె వేగం తగ్గేది వదిలేటప్పుడే. చాలామంది గబగబా పెద్ద పెద్ద ఊపిరులు తీసి తల తిరుగుతోందంటారు. అలా చెయ్యకూడదు.

ఆ నిమిషంలో పిల్లకి ఒక్క వాక్యం చెప్పండి: "అమ్మకి కోపం వస్తోంది. మొహం కడుక్కుని వచ్చి మాట్లాడతా." ఈ మాట ముందు వారమే, నవ్వుతూ ఉన్నప్పుడు చెప్పి ఉంచాలి. లేకపోతే వదిలేసి వెళ్ళిపోతున్నారని పిల్ల భయపడి కొంగు పట్టుకుని వెనకే వస్తుంది.

ఊపిరి పద్ధతి నచ్చకపోతే నిలబడ్డవాళ్ళు కూర్చోండి, కూర్చున్నవాళ్ళు నేల మీద కూర్చోండి. కూర్చుని అరవడం నిలబడి అరిచినంత సులువు కాదు. లేదా గొంతు కావాలనే తగ్గించి, దాదాపు గుసగుసగా మాట్లాడండి.

హెచ్చరిక: చంటిబిడ్డ ఎంతకీ ఏడుపు ఆపక మీకు ఒళ్ళు తెలియని కోపం వస్తే, బిడ్డని ఉయ్యాల్లోనో నేల మీద పరుపు మీదో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి ఐదు నిమిషాలు బయట నిలబడండి. ఇంకెవరినైనా పిలవండి. బిడ్డని ఎన్నడూ పట్టుకుని కుదపకూడదు. మెడ నిలబడని వయసులో కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణం మీదకి వస్తుంది. ఐదు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. నడిచే పిల్లలైతే స్టవ్, బావి, వీధి గుమ్మం దగ్గర వదిలి వెళ్ళకండి.

3. ఆకలి, నిద్ర ముందు చూడండి

రాసుకున్న వరసల్లో ఆకలి ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టండి. బడి నుంచి వచ్చిన పది నిమిషాల్లో తిండి, నీళ్ళు చేతికి అందాలి. "కాళ్ళు కడుక్కో, యూనిఫాం విప్పు, డైరీ చూపించు" అన్నీ ఆ తర్వాతే. ఒక్క ఈ మార్పుతోనే సాయంత్రం గొడవ సగం చల్లారే ఇళ్ళు చాలా ఉన్నాయి.

మూడు, నాలుగేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరేళ్ళు దాటినవాళ్ళకి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. ఒడిశాలో ఎండాకాలం పొద్దుటి బడి పెట్టినప్పుడు ఇక్కడే దెబ్బ తింటాం. ఐదున్నరకి లేపాలంటే ఎనిమిదిన్నరకల్లా నిద్రపోయి ఉండాలి. సీరియల్ అయ్యేదాకా పిల్లల్ని మేలుకోనిచ్చి పొద్దున్న బ్రష్ చేతికివ్వగానే ఏడ్చారని తిట్టడం న్యాయం కాదు. బడి వేళలు మారడానికి వారం ముందు నుంచే రోజుకి పది, పదిహేను నిమిషాల చొప్పున పడుకునే వేళ ముందుకి జరపండి.

4. ఏడుపు మొదలయ్యాక: దగ్గరికి వెళ్ళండి, కిందకి వంగండి, తక్కువ మాట్లాడండి

వంటింట్లోంచి కేకేస్తే పిల్లకి అందేది మీ గొంతే, మాట కాదు. దగ్గరికి వెళ్ళండి. మీ కళ్ళు, పిల్ల కళ్ళు ఒకే ఎత్తులో ఉండేలా గొంతుక్కూర్చోండి. ఆ తర్వాత మూడే మూడు మాటలు, ఈ వరసలోనే.

మొదటిది, ఏమనిపిస్తోందో పేరు పెట్టి చెప్పడం. "తమ్ముడు పెన్సిలు లాక్కున్నాడని ఉక్రోషం వచ్చింది కదూ." "మామ్మ వాడికి ముందు పెట్టిందని అలిగావు." "నాన్న గుర్తొచ్చి బెంగగా ఉందా?" అన్నిటికీ కోపమనే పేరే పెట్టకండి.

రెండోది, హద్దు. "కొట్టనివ్వను." అంటూనే మణికట్టు మెత్తగా పట్టుకోండి, నొక్కకండి. "కొట్టకూడదమ్మా, కొడితే తమ్ముడికి నొప్పి కదా, నిన్నెవరైనా కొడితే ఎలా ఉంటుంది" అనే ఉపన్యాసం ఆ క్షణంలో చెవికెక్కదు. ఏడుపు పూర్తిగా ఆగాక, ఇంకో గంటకో రాత్రి పక్క మీదో చెప్పండి.

మూడోది, పక్కనే ఉంటానని చెప్పడం. "ఇక్కడే కూర్చుంటా." ఇక ఊరుకోండి. ఒళ్ళో కూర్చుంటే కూర్చోనివ్వండి, తోసేస్తే చేరువలోనే ఉండండి. చాలామంది పెద్దవాళ్ళకి కష్టమైనది ఈ మౌనమే. నిమిషంలోపే "ఇక చాల్లే, ఆపు" అనేస్తారు. ఏడుపు మళ్ళీ మొదటికొస్తుంది.

బడిలో, వీధిలో ఒడియా అలవాటైన పిల్లలు ఏడుపులో "డొరొ లాగుచి" అనేస్తారు. అప్పుడు "తెలుగులో చెప్పు" అనకండి. "భయమేస్తోందా, రా" అని మీరు తెలుగులోనే అందుకోండి. ఇంటి భాష గురించి మీకున్న పట్టింపు సబబైనదే. దానికి వేళ వేరు.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

"ఎందుకు చేశావ్?" అని నిలదీయడం. నాలుగేళ్ళ పిల్లకి తను ఎందుకు చేసిందో నిజంగానే తెలియదు. ఏదో ఒక అబద్ధం చెబుతుంది, దానికి ఇంకో తిట్టు.

బెదిరింపు. పోలీసు వస్తాడు, సూది వేయిస్తా, బూచోడికి ఇచ్చేస్తా, మాస్టారితో చెప్పి కొట్టిస్తా. సూది పేరు చెప్పి బెదిరించిన ఇంటి పిల్ల రేపు జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే ఏడుస్తుంది. బడిలో పిల్లల్ని కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. మాస్టారు కొట్టడం మామూలే అని ఇంట్లోనే నేర్పితే, నిజంగా బడిలో దెబ్బ తగిలిన రోజు పిల్ల వచ్చి మీకు చెప్పదు.

ఏడుస్తున్న పిల్లని ఊపిరి తీసుకోమనడం. ఆ సాధన ఏడుపు లేనప్పుడే. అరచేతిలో దూది ముక్క పెట్టి నెమ్మదిగా ఊదుతూ ఎంత దూరం తీసుకెళ్తావో చూద్దాం అని రోజూ ఆట ఆడించండి. కొన్ని వారాలకి కోపంలో మీరు చెయ్యి చాపితే చాలు, తనే ఊదుతుంది.

5. రెండిట్లో ఒకటి ఎంచుకోనివ్వండి

"స్నానం చేస్తావా?" అని అడిగితే "చెయ్యను" అంటుంది. అడిగింది మీరే. "స్నానం ముందా, పళ్ళు తోముకోవడం ముందా?" "నీలం చొక్కానా, పసుపుదా?" అనండి. రెండూ మీకు ఇష్టమైనవే అయ్యుండాలి. మూడోది పెట్టకండి, చిన్నపిల్లలు తికమక పడతారు. రెండూ వద్దంటే, "అయితే ఇవాళ్టికి నేను ఎంచుతా" అని ఒక్కసారి చెప్పి చేసెయ్యండి. బడి మానడం, మందు వేసుకోవడం లాంటి వాటిని ఎంపికగా పెట్టకండి. మందు గ్లాసుతోనా, చెంచాతోనా అని మాత్రం అడగవచ్చు.

6. ఫోను తీసుకోవడం

ఎక్కువమంది అడిగేది దీని గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాది పిల్లలకి తెర అసలే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మీ ఇంట్లో ఇప్పుడు మూడు గంటలు ఉంటే ఒక్కరోజులో గంటకి దించకండి. మూడు నాలుగు రోజులకొకసారి అరగంట చొప్పున కోసెయ్యండి.

తీసుకునే పద్ధతి:

అ) ఇచ్చేముందే ఎప్పుడు ముగుస్తుందో చెప్పండి. "ఐదు నిమిషాలు" అంటే ఐదేళ్ళ లోపు పిల్లకి అర్థం కాదు. "పెద్ద ముల్లు ఆరు దగ్గరికి వచ్చేదాకా" అనండి, లేదా "ఈ రెండు వీడియోలు అయ్యేదాకా". వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లేని సెట్టింగ్స్‌లో ఆపెయ్యండి. అది ఆపకపోతే "రెండు వీడియోలు" అనే మాటకి అర్థం లేదు.

ఆ) ముగియడానికి కాస్త ముందు పక్కన కూర్చుని ఏం చూస్తోందో ఒక మాట అడగండి. "ఆ ఏనుగు ఎక్కడికి వెళ్తోంది?" తెరలోంచి మనిషిలోకి రావడానికి ఆ మాట దారి చూపుతుంది. వెనక నుంచి వచ్చి చేతిలోంచి లాక్కోవడం కంటే చెడ్డ పద్ధతి లేదు.

ఇ) తర్వాత ఏం చెయ్యాలో సిద్ధంగా ఉంచండి. ఖాళీ చేతులతో వదిలితే మళ్ళీ ఫోనే గుర్తొస్తుంది. బఠానీలు వలవడం, మొక్కలకి నీళ్ళు పొయ్యడం, మేడ మీద ఆరిన బట్టలు తేవడం, ఏదైనా చేతి పని ఇవ్వండి.

ఈ) ఫోను తనే తెచ్చి బుట్టలో వెయ్యాలి. వేసిన వెంటనే ఏం చేసిందో చెప్పి మెచ్చుకోండి. "వీడియో అవ్వగానే నువ్వే తెచ్చి పెట్టేశావు." "గుడ్ గర్ల్" అంటే ఏది బాగుందన్నారో తనకి తెలియదు.

ఉ) ఏడిస్తే 4వ మెట్టు. ఫోను మాత్రం మళ్ళీ ఇవ్వకూడదు.

ఈ చివరి మాట దగ్గరే చాలా ఇళ్ళల్లో పని చెడుతుంది. ఇరవై నిమిషాలు ఏడ్చాక విసిగిపోయి ఇచ్చేస్తే, ఇరవై నిమిషాలు ఏడిస్తే వస్తుందని నేర్పినట్టే. ఒకరోజు ఇచ్చి ఒకరోజు ఇవ్వకపోతే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఇవాళ వస్తుందేమో అనే ఆశ ఎప్పుడూ మిగిలే ఉంటుంది. కొత్త పద్ధతి పెట్టిన మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. అది పద్ధతి తప్పని కాదు. ఇంతకు ముందు పనిచేసిన ఏడుపు ఇప్పుడెందుకు పనిచెయ్యడం లేదని పిల్ల ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తోంది. ఆ రోజుల్లో ఇంట్లో పెళ్ళి, పరీక్షలు, ప్రయాణం లేకుండా చూసి మొదలుపెట్టండి. ఇవ్వక తప్పని రోజని ముందే తెలిస్తే ఏడుపుకి ముందే ఇచ్చెయ్యండి, ఏడ్చాక కాదు.

అన్నం తినిపించడానికి ఫోను పెట్టే అలవాటుంటే దాన్ని అన్నిటికన్నా చివర మార్చండి, కాని తప్పకుండా మార్చండి. కడుపు నిండిందో లేదో పిల్లకి తెలియకుండా పోతుంది. మొదటి వారం రెండు ముద్దలు తక్కువ తింటుంది. మామ్మలకి అది చూసి ప్రాణం ఒప్పదు, ముందే చెప్పి ఉంచండి.

7. ఒడియా హోంవర్కు దగ్గర

తల్లి తెలుగు చదువుకుంది, పిల్ల ఒడియా మీడియంలో చదువుతోంది. లేదా ఇంగ్లీషు మీడియంలో ఒడియా ఒక సబ్జెక్టు. తల్లికి పుస్తకం చదవడం రాదు, ఆ ఇబ్బంది కోపంగా మారి పిల్ల మీదకి వస్తుంది. ఇది మన జిల్లాల ఇళ్ళల్లో చాలా మామూలు సంగతి, సిగ్గుపడాల్సింది కాదు.

మీ పని దిద్దడం కాదని మొదట ఒప్పుకోండి. పక్కన కూర్చోవడమే మీ పని. "ఇవాళ నువ్వు మాస్టారు, నాకు చెప్పు" అని పలక మీరు పట్టుకోండి. అక్షరమాల వరస రెండు భాషల్లోనూ ఒకటే, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. పిల్ల రాసి చూపిస్తూ పోతే కొన్నాళ్ళకి మీకూ అక్షరాలు వచ్చేస్తాయి. చెప్పడం వల్ల పిల్లకి పాఠం గట్టిపడుతుంది.

తప్పులని పొరబడి తిట్టేవి రెండున్నాయి. ఒడియాలో అకారాన్ని ఒకారంలా పలుకుతారు. "కమళ" అని రాసి ఉన్నదాన్ని పిల్ల "కొమొళొ" అని చదివితే అది సరైన ఉచ్చారణే. అలాగే ఒడియా లిపిలో ఎ, ఏలకి వేరు వేరు అక్షరాలు లేవు, ఒ, ఓలకీ లేవు. ఇంటి దగ్గర తెలుగు నేర్పుతున్నప్పుడు పిల్ల "మేడ"ని "మెడ" అని రాస్తే నిర్లక్ష్యం అనకండి. ఆ తేడా తనకి ఇంతవరకు ఎవరూ చూపించలేదు. రెండూ పక్కపక్కన రాసి, ఒకసారి మెడ, ఒకసారి మేడ చూపించండి.

వేళ విషయంలో ఆరు, ఏడేళ్ళ పిల్ల పదిహేను నిమిషాలకి మించి ఒకచోట కుదురుగా కూర్చుంటుందని ఆశించకండి. పదిహేను నిమిషాలు రాత, ఐదు నిమిషాలు లేచి తిరగడం, మళ్ళీ పదిహేను. ఏడుపొస్తే పుస్తకం మూసెయ్యండి. డైరీలో "ఇంతవరకే చెయ్యగలిగింది" అని సంతకం పెట్టి పంపండి. ఏడుస్తూ పూర్తి చేసిన పేజీ వల్ల పిల్లకి వచ్చేది ఆ పుస్తకం మీద విముఖతే.

8. రోజుకి పది నిమిషాలు పిల్ల చెప్పినట్టు

ఏ ఆట ఆడాలో పిల్లే చెప్పాలి. అష్టాచెమ్మా, గవ్వలు, వంటాట ఏదైనా సరే. ఆ పది నిమిషాలు మీరు నేర్పకూడదు, ప్రశ్నలు వెయ్యకూడదు, ఫోను దగ్గర ఉండకూడదు. ఇద్దరు పిల్లలుంటే ఒక్కొక్కరికి విడిగా. కొట్టు నడిపే ఇల్లయితే బేరాలు పలచబడే వేళ చూసుకోండి. అల్లరి చేసిందని శిక్షగా ఈ పది నిమిషాలు తీసెయ్యవద్దు. గొడవ జరిగిన రోజే దీని అవసరం ఎక్కువ.

9. అరిచేశాక ఏం చెయ్యాలి

అరుస్తారు. ఎవరి ఇంట్లోనైనా జరుగుతుంది. ఆ రోజే, పడుకునేలోపు సర్దుకోండి. మాటలు ఇలా ఉండాలి: "పొద్దున్న బూట్లు దొరకలేదని నీ మీద అరిచాను. అరవడం నా తప్పు. నీకు భయమేసి ఉంటుంది. ఇవాళ రాత్రే బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకుందాం."

"కాని నువ్వు కూడా…" అని తగిలించారంటే క్షమాపణ కాస్తా ఇంకో తిట్టు అయిపోతుంది. చాక్లెట్ కొనిపెట్టి సరిపెట్టకండి. మీరు ఏడుస్తూ పిల్లని పట్టుకుని "అమ్మ చెడ్డది" అనడం కూడా వద్దు, మిమ్మల్ని ఊరడించే బరువు పిల్ల మీద పడుతుంది. రెండు వాక్యాలు, ఒక ఏర్పాటు, అక్కడితో వదిలెయ్యండి.

10. మామ్మ, తాతయ్య, దూరాన ఉన్న నాన్న

మీరు ఫోను బుట్టలో పెట్టిస్తే మామ్మ తన ఫోను ఇస్తుంది. పిల్ల ఏడుస్తుంటే చూడలేక ఇస్తుంది, మీ మీద పంతంతో కాదు. పిల్ల ముందు వాదించుకోకండి. రాత్రి కూర్చున్నప్పుడు నెమ్మదిగా అడగండి. "అత్తయ్యా, ఈ పదిహేను రోజులు సాయంత్రం పూట మీ ఫోను కూడా బుట్టలో పెడదామా? వాడు ఏడిస్తే మీరు కథ చెప్పండి, నా మాట కంటే మీ మాటే వింటాడు." ఏం చెయ్యకూడదో కాక ఏం చెయ్యాలో అప్పగించండి. అన్నిటిలోనూ ఒప్పించబోకండి. కొట్టకూడదు, ఏడ్చాక ఫోను ఇవ్వకూడదు, ఈ రెండిటి మీద అందరూ ఒక మాట మీద ఉంటే చాలు. తక్కిన గారాబం మామ్మ, తాతయ్యల హక్కు.

నాన్న సూరత్‌లోనో హైదరాబాదులోనో పనిలో ఉంటే రాత్రి వీడియో కాల్‌లో మొదటి మాట ఫిర్యాదు కాకూడదు. "ఉండు, నాన్నకి చెప్తా" అని రోజంతా అంటే పిల్ల ఫోను మోగగానే మంచం కిందకి దూరుతుంది. నాన్నకి ముందే మెసేజ్ పెట్టండి, ఇవాళ ఏ మంచి పని చేసిందో. ఆయన ఆ సంగతితోనే మొదలుపెట్టాలి. గొడవల సంగతి పిల్ల పడుకున్నాక పెద్దవాళ్ళు ఇద్దరూ మాట్లాడుకోండి. మిల్లులో షిఫ్టు డ్యూటీ ఉన్నవాళ్ళైతే నైట్ షిఫ్టు దిగొచ్చిన పొద్దున్న పిల్లల్ని క్రమశిక్షణలో పెట్టే పని మీద వేసుకోకండి. ముందు నిద్రపోండి.

బజారు, రైలు, జాతర

బయట నలుగురూ చూస్తున్నప్పుడు ఏడిస్తే పని చెయ్యాల్సింది 4వ మెట్టే, కాని చోటు మార్చాలి. పిల్లని ఎత్తుకుని గోడ వారకో చెట్టు నీడకో తీసుకెళ్ళండి. చూసేవాళ్ళకి సంజాయిషీ ఇవ్వకండి. బయల్దేరేముందే ఏం కొంటామో, ఏం కొనమో చెప్పండి. "ఇవాళ కూరగాయలు, నీకొక బుడగ. అంతే." విశాఖపట్నం వైపు రైలెక్కేటప్పుడు సంచిలో నీళ్ళు, తిండి, కాగితం, రంగు పెన్సిళ్ళు, నాలుగు గవ్వలు ఉంచండి. అన్నీ ఒకేసారి తియ్యకండి, గంటకొకటి తియ్యండి. బరంపురం ఠాకురాణీ యాత్రలాంటి జనంలో పిల్ల జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. ఆ హోరులో అలిసిన పిల్లకి బుద్ధులు చెప్పబోకుండా ఇంటికి తీసుకెళ్ళడమే మేలు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

మూడో వారం చివర మళ్ళీ నోటుబుక్కు తియ్యండి. మొదటి వారం వరసలతో పోల్చండి. చూడాల్సింది ఏడుపు పూర్తిగా ఆగిందా అని కాదు, అది ఆగదు. ఎంచుకున్న వేళలో గొడవలు తగ్గాయా? 20 నిమిషాలు పట్టింది 10కి వచ్చిందా? మీరు అరిచిన వరసలు తగ్గాయా? పిల్ల ఒక్కసారైనా కొట్టే బదులు "నాకు కోపం వచ్చింది" అన్నదా? వీటిలో రెండిటికి అవును అంటే అదే పద్ధతి కొనసాగించి, రెండో వేళని ఎంచుకోండి.

ఏమీ మారకపోతే ఈ మూడిట్లో ఒకటి అయ్యుంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఏడ్చాక ఇస్తున్నారు. లేదా నిద్ర చాలడం లేదు. లేదా ఎంచుకున్న హద్దు పిల్ల వయసుకి మించింది, రెండున్నరేళ్ళవాడు బొమ్మలు పంచుకోవాలని పట్టుబట్టడం లాంటిది.

డాక్టరుకి ఎప్పుడు చూపించాలి

తనని తాను గాయపరుచుకునేలా తల గోడకేసి కొట్టుకోవడం, కొరుక్కోవడం, ఐదేళ్ళు దాటినా రోజూ పలుమార్లు అరగంటకి పైగా ఏడవడం, వచ్చిన మాటలు పోవడం, పిలిస్తే పలకకపోవడం ఉంటే ఇంటి పద్ధతులతో కాలం గడపకండి. ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారి వాలిపోయే పిల్లలుంటారు, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు ఇది కనిపిస్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, కుదపకండి. మామూలుగా నిమిషంలోపు తేరుకుంటారు. కాని మొదటిసారి అయినప్పుడు తప్పకుండా చూపించి, రక్తంలో ఇనుము తక్కువేమో పరీక్ష చేయించండి.

జిల్లా ప్రధాన ఆసుపత్రిలో పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టండి. ఎదుగుదలలో తేడా ఉందనిపిస్తే, జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం గురించి అక్కడే అడగండి. బరంపురంలో ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. పిల్లలకి ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే 1098కి ఫోను చెయ్యండి. ఇక మీ చెయ్యి ఆగడం లేదని భయమేసినా, కాన్పు తర్వాత నెలల్లో బిడ్డని చూస్తే ఏ మమకారమూ పుట్టక ఊరికే ఏడుపొస్తున్నా, మనసుకి సంబంధించిన ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే సలహా ఫోను టెలిమానస్ 14416 ఉంది. ఎప్పుడైనా చెయ్యవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, భాష ఎంచుకోవచ్చు.